మా ఇంటికి కట్టిన సారవ

మనిషి పడ్డాడని తెలిశాక మా మామగారు అడిగిన మొదటి ప్రశ్న ఇది: "యాడ పడినాడు? మన కాంపౌండు లోపలా, బయటా?"

అప్పుడు నేను చింతామణి ఆసుపత్రి వరండాలో ఉన్నాను. ఫోన్లో అడిగారు. ఆ ప్రశ్న నాకు వెంటనే అర్థం కాలేదు. లోపల పడితే మా ఇంటి పనిలో పడ్డట్టు. బయట సందులో పడితే దారిన పోయేవాడెవడో పడ్డట్టు. అర్థమయ్యాక ఫోన్ పెట్టేశాను. ఆ రోజు వచ్చిన కోపం ఈ రోజుకీ తగ్గలేదు. తగ్గాలని నాకు లేదు కూడా.

నేను పుట్టింది బాగేపల్లి పక్కన పల్లెలో. మెట్టింది చింతామణి. మా అత్తవారు తరతరాలుగా వ్యాపారం, కొంత సేద్యం చేసుకునేవాళ్ళు. మామగారి టమోటా మండీని ఇప్పుడు నా భర్త చూసుకుంటాడు. నేను ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మాది సరిహద్దు ఊరు, ఇక్కడ ఎవరికీ అది వింత కాదు. పాత ఇంటి మీద ఇంకో రెండంతస్తులు లేపుదామని మామగారు అన్నప్పుడు ఇంటిల్లిపాదీ సంతోషించాం. నేనూ సంతోషించాను. పైన కిటికీ పక్కన ఒక బల్ల, పుస్తకాలకు గోడ అల్మారా అని అడిగి మరీ ప్లానులో గీయించుకున్నాను.

పని ఒప్పుకున్న మేస్త్రీది చిక్కబళ్ళాపురం. ఒకప్పుడు తాపీ పట్టిన మనిషే, ఇప్పుడు పట్టడం మానేశాడు. నాలుగు చోట్ల పనులు ఒప్పుకుని మోటారు సైకిల్ మీద తిరుగుతూ, ఫోన్లో అరుస్తూ, మన గేటు ముందు నిలబడి "ఇదో అయిపోయినట్లేనప్పా" అని వెళ్ళిపోతూ ఉంటాడు. బయటి గోడల గార పనికి ఆయన ఒక జంటను పంపాడు. సోమేనహళ్ళి దగ్గరి వాళ్ళు. భర్త గార చేస్తాడు. భార్య కింద సిమెంటూ ఇసుకా మాలు కలిపి, ఇనప బాండ్లిలో నింపి, గిలక మీద తాడుతో పైకి లాగి అందిస్తుంది. అతనికి ముప్పై దాటి ఉంటాయి. తాను వేసిన హాస్యానికి తానే ముందు నవ్వే రకం. సాయంత్రం పని దిగాక గోడ కింద రాలిన మాలంతా ఎత్తి, నీళ్ళు పోసి కడిగి, అప్పుడు చేతులు కడుక్కునేవాడు. "ఈ అబ్బి పనంటే ఇల్లు ఊడ్చినట్లుంటాది" అని మా అత్తగారు కూడా మెచ్చుకునేది. ఆ అమ్మాయి మొదట్లో మాట్లాడేది కాదు. వాళ్ళ అమ్మగారి ఊరు మా పుట్టింటి ఊరికి దగ్గరని తెలిశాక నాతో మాటలు కలిపింది.

గోడ పక్కన మనుషులు నిలబడి పని చేయడానికి కట్టెలతో కట్టే మంచెకు మా వైపు సారవ అని పేరు. పుస్తకాల్లో పరంజా అంటారు. మా ఇంటికి కట్టిన సారవ నీలగిరి కట్టెలది. ఎన్ని ఇళ్ళు తిరిగి వచ్చాయో ఆ కట్టెలు. తాళ్ళు నల్లబడి పీచు లేచి ఉన్నాయి. అడ్డకట్టెల మీద పలకలు పరిచారు. పరిచారంతే, కట్టలేదు. పట్టుకోవడానికి నడుము ఎత్తులో అడ్డంగా ఏమీ లేదు. కానీ అన్నిటికన్నా పై కట్టెకు, వీధి వైపుకు, దిష్టి బొమ్మ మాత్రం ఉండేది. కోర మీసాలు, బయటికి వేలాడే ఎర్ర నాలుక. మా అత్తగారు సంతకు పోయి, మూడు దుకాణాలు తిరిగి, చిన్నదిస్తే వద్దని పెద్దది తెచ్చి కట్టించింది. ఇంటికి దిష్టి తగలకూడదని అంత జ్ఞాపకంగా బొమ్మ కట్టించిన మాకు, ఆ బొమ్మ పక్కనే నిలబడి పని చేసే మనిషి పట్టుకోవడానికి ఒక కట్టె కావాలని మాత్రం తోచలేదు.

ఒక ఉదయం మేడ మీద బట్టలు ఆరేస్తూ చూశాను. ముందు రోజు పక్కపక్కనే పరిచి ఉన్న పలకల మధ్య పెద్ద సందు. కింద మాలు కలుపుతున్న అమ్మాయిని అడిగాను.

"నిన్న పొద్దుమునిగేటప్పుడు వచ్చి పలకలు ఎత్తుకోనిపోయినారమ్మా. యాడో ఇంగో సైట్లో కావాల్నంట. రేపు తెస్తామన్నారు."

"మీ ఆయన అట్లే ఎక్కుతాండాడా?"

"ఎక్కకుంటే పని ఎట్లమ్మా?"

ఆ రోజు మేస్త్రీ గేటు దగ్గరికి వచ్చినప్పుడు నేనే పోయి అడిగాను. పలకలు తెప్పించమన్నాను, పక్కన అడ్డకట్టె కట్టమన్నాను, ఉన్న పలకలనైనా తాడుతో బిగించమన్నాను. ఆయన నవ్వాడు. కోపం లేకుండా, చిన్నపిల్లతో మాట్లాడినట్లుగా నవ్వాడు.

"అమ్మా, మీరు బళ్ళో పిల్లోళ్ళకి పాఠం చెప్పుకోండి. సారవ సంగతి మాకు ఇడిసిపెట్టండి. నేను పుట్టినప్పట్నుంచీ దీని మిందే ఉండాను."

నా భర్తతో చెప్పాను. "వాళ్ళ పని వాళ్ళకి తెలుసులే. మనం మధ్యలో దూరితే పని నిలబెట్టేసి పోతారు" అన్నాడు. మామగారు పేపర్లోంచి తలెత్తలేదు. మళ్ళీ రెండు రోజులకు అడిగితే "చెప్పినాను గదా" అన్నాడు నా భర్త. ఏం చెప్పాడో, ఎవరికి చెప్పాడో తెలియదు. పలకలు మాత్రం రాలేదు.

ఆ శనివారం బడి ఒంటిపూట. ఎండ నడినెత్తిన ఉండగా ఇంటికి వచ్చాను. గేటు లోపలికి అడుగు పెట్టి చెప్పులు విడుస్తున్నాను. పలక గోడకు కొట్టుకున్న చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఇంకో చప్పుడు. ఆ రెండోది ఎలా ఉందో నేను రాయను.

పరుగెత్తి పక్క గోడ వైపు వెళ్ళాను. అతను కాంపౌండు గోడకూ ఇంటికీ మధ్య, కంకర జల్లి కుప్ప మీద వెల్లకిలా పడి ఉన్నాడు. అతని భార్య అక్కడికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. కదలడం లేదు. గిలక తాడు రెండు చేతులకూ చుట్టుకుని వెనక్కి వాలి నిలబడి ఉంది. పైన మాలు నిండిన బాండ్లి గాలిలో వేలాడుతోంది. సరిగ్గా దాని కిందే అతను. ఆమె తాడు వదిలితే అది అతని మీద పడుతుంది. దించినా అతని మీదికే దిగుతుంది. మొగుడు కళ్ళ ముందు పడి ఉంటే అతని దగ్గరికి పోలేక, వదలలేక, ఆ అమ్మాయి అరుస్తోంది.

"పట్టుకోండమ్మా! తాడు పట్టుకోండి! ఇడిస్తే ఆయప్ప మింద పడతాది!"

నా సంచి ఎక్కడ పడిందో తెలియదు. తాడు పట్టుకున్నాను. ఆమె చేతులు విడిపించుకుని అతని దగ్గరికి దూకింది. ఆ బరువు నన్ను ముందుకు లాగింది. కాళ్ళు జల్లిలో దిగబెట్టి ఆపుకున్నాను. ఎదురింటి ఆటో డ్రైవరు పరుగున వచ్చి తాడు అందుకుని స్తంభానికి కట్టేదాకా అలాగే ఉన్నాను. ఇంత బరువును ఆ పిల్ల పొద్దున్నుంచీ సాయంత్రం దాకా పైకి లాగుతోందా అన్న ఆలోచన అప్పుడే, ఆ గందరగోళంలోనే వచ్చింది.

అతనికి స్పృహ ఉంది. భార్య ముఖంలోకి చూస్తూ అడిగాడు. "నా కాళ్ళు ఉండాయా? చూడు. ఉండాయా?"

"ఉండాయి. ఉండాయి. మాట్లాడద్దు."

చుట్టుపక్కల వాళ్ళు వచ్చేశారు. ఒకరు చంకల కింద చేతులు పెట్టారు, ఒకరు మోకాళ్ళు పట్టుకున్నారు. బస్తాలా ఎత్తేయబోయారు. నేను అరిచాను. నడుము వంచొద్దని, పలక మీద పడుకోబెట్టాలని అరిచాను. హాల్లో గోడకు ఆనించి ఉన్న కొత్త బాత్రూం తలుపు తెమ్మన్నాను. దాని మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు ఇంకా. అప్పుడే మండీ నుంచి నా భర్త వచ్చాడు. ముఖం తెల్లబోయింది. తానే తలుపు మోసుకొచ్చి, తల వైపు తానే పట్టుకుని, అతన్ని మెల్లగా దాని మీదికి జరిపాడు. ఆ సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. నా భర్త చెడ్డవాడు కాదు. అందుకే తరువాత జరిగినవాటికి నాకు ఇంకా ఎక్కువ కోపం.

పలక ఎందుకు లేచిందో తరువాత చూశాను. బాండ్లి అందుకోవడానికి అతను పలక కొసకు జరిగాడు. కొస అడ్డకట్టె దాటి బయటికి ఉంది. రెండో కొస కట్టలేదు. ఇటు బరువు పడగానే అటు లేచింది. దీనికి సైన్సు టీచరు అక్కర్లేదు, ఉయ్యాల బల్ల ఎక్కిన ఏ పిల్లయినా చెబుతుంది. రెండు మూరల తాడుతో కట్టి ఉంటే అది లేచేది కాదు. ఎవరూ కట్టలేదు. అంతే జరిగింది.

చింతామణిలో చూసి చిక్కబళ్ళాపురం తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సులో ఆ అమ్మాయి పక్కన నేనే కూర్చున్నాను. ఆమె చేతుల మీద సిమెంటు ఎండి, తాడు కోసుకున్న చోట నెత్తురు దానిలో కలిసిపోయి ఉంది. కడుక్కోమని నీళ్ళ సీసా ఇచ్చాను. పట్టుకుని కూర్చుంది, కడుక్కోలేదు.

మేము చేరేసరికి మేస్త్రీ ఆసుపత్రిలో ఉన్నాడు. మా ఇంటికి పలకలు తేవడానికి దొరకని తీరిక దీనికి దొరికింది. ఆమెను పక్కకు పిలిచాడు. నేను వెంటే వెళ్ళాను.

"డాక్టరు అడిగితే బండి మింద్నుంచి పడినాడని చెప్పు. సారవ, గీరవ అనద్దు. పోలీసు కేసు అయితే నువ్వే స్టేషన్ చుట్టూ తిరగల్ల. మీ ఆయప్పకి మళ్ళా ఎవురు పనిస్తారు? నేను చూసుకుంటా గదా."

ఆ అమ్మాయి నేల చూస్తూ నిలబడింది. అదే సమయానికి నా ఫోన్ మోగింది. నా భర్త.

"మేస్త్రీ చెప్పినట్లే చెప్పనీ. నువ్వేం మాట్లాడద్దు. నాయన చెప్తాండాడు, వకీలుని అడిగినాడంట. మన పేరు రాకూడదు."

కొన్ని గంటల ముందు ఆ పడ్డవాడి తల వైపు పట్టుకుని మోసిన మనిషే ఈ మాటలన్నది.

డ్యూటీ డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, కన్నడంలో అడిగాడు, ఎట్లా జరిగిందని. ఆ అమ్మాయి మేస్త్రీ ముఖం చూసింది. నేను కన్నడంలోనే చెప్పాను. బడిలో మాట్లాడే గొంతుతోనే చెప్పాను. మా ఇల్లు కడుతున్నామని, మా ఇంటి సారవ మీద నుంచి పడ్డాడని, పలకలు కట్టలేదని, పట్టుకోవడానికి ఏమీ లేదని, తీసుకుపోయిన పలకలు తెప్పించమని అడిగినా తెప్పించలేదని.

"అమ్మా!" అన్నాడు మేస్త్రీ. "మీ ఇంటికే గదమ్మా చెడ్డపేరు!"

"అవును. మా ఇంటికే" అన్నాను.

ఆసుపత్రి పోలీసు వచ్చి అడిగినప్పుడు కూడా అదే చెప్పాను. ఈసారి ఆ అమ్మాయి కూడా నోరు విప్పింది. పలకలు ఏ పూట, ఎవరు తీసుకుపోయారో అంతా చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి హాల్లో అందరూ ఉన్నారు. మామగారు అందుకున్నారు.

"ఇంట్లో దీపం పెట్టాల్సిన దానివి, ఇంటి మింద కేసు పెట్టించి వస్తివే!"

"మనిషి నడుము విరిగింది, మామా."

"మనమేమన్నా తోసినామా? ఆయప్ప చూసుకోని నడవద్దా?"

చూసుకుని నడవాలట. పలక కట్టనివాళ్ళం మేము, పలకలు పట్టుకుపోయినవాడు మేస్త్రీ, చూసుకోవలసిందీ నడవాల్సిందీ అతను. ఈ మాట ఆ తరువాత ఎన్ని నోళ్ళ నుంచి విన్నానో. మా అత్తగారు శాంతి చేయించాలంది. పురోహితుణ్ణి పిలిపించి, గృహప్రవేశం ముహూర్తానికి దోషం తగిలిందేమో అడిగింది. అతను బతుకుతాడా అని ఆయన్నే ముందు అడిగి ఉంటే నేను ఇంత రాసేదాన్ని కాదు.

సోమవారం స్టాఫ్ రూములో తోటి టీచరమ్మ అడిగింది. "పాపం, తాగి ఎక్కినాడంట గదా మీ ఇంటి మింద?"

ఎవరు చెప్పారని అడిగాను. ఊరంతా అంటోందంది. రెండు రోజుల్లో ఊరంతా అనడానికి ఎవరో ఒకరు మొదలుపెట్టి ఉండాలి. అతను ఆ పొద్దున తాగింది నేను బడికి పోతూ ఇచ్చిన టీ. ఆమెతో అదే చెప్పాను, బెల్లు కొట్టినా వినకుండా చెప్పాను. కూరగాయల వాళ్ళతో చెప్పాను. మండీకి పోయి నా భర్త ముందే హమాలీలతో చెప్పాను. పడినవాడి ఎముకలు విరగ్గొట్టింది చాలక, పేరు కూడా విరగ్గొట్టాలా?

ఆ వారం చివర్లో బడి నుంచి వచ్చి పైకి చూశాను. అదే సారవ. అవే కట్టెలు, అవే తాళ్ళు. పలకలు కొత్తగా ఒకటో రెండో చేరాయి, వాటినీ కట్టలేదు. దాని మీద వేరే మనిషి నిలబడి గార చేస్తున్నాడు.

ఇంట్లోకి పోయి నీళ్ళ మోటారు స్విచ్చు ఆపేశాను. మీటర్ పెట్టెకు తాళం వేశాను. నీళ్ళు నిలవుండే సంపు మూతకు ఇంకో తాళం వేశాను. నీళ్ళు లేకుండా మాలు కలపలేరు. ఆ మనిషిని దిగమని పిలిచాను. అతను దిగాడు. అతనికేం తెలుసు పాపం, ఏదో పూజ అనుకున్నాడు.

"తాళంచెవి ఇయ్యి" అన్నాడు నా భర్త.

"ఇయ్యను."

"ఇంట్లో తాగేదానికి నీళ్ళు?"

"వీధి కుళాయిలో పట్టుకొస్తా."

పట్టుకొచ్చాను కూడా. పొద్దున బడికి ముందు బిందెలతో వీధి చివర నుంచి మోశాను. ఇరుగుపొరుగు చూసింది. మోటారూ సంపూ ఉన్న ఇంటి కోడలు, టీచరమ్మ, బిందె మోస్తోందేమని అడిగారు. అడిగిన ప్రతివాళ్ళకూ కారణం చెప్పాను. మామగారికి అదే తగిలింది. పోలీసులు పిలిచినప్పుడు కూడా వంగని మనిషి, వీధిలో బిందెకు వంగారు. "ఆ మేస్త్రీని మార్చి పడేయ్, ఇనప పైపుల సారవ వేయించు, ఈ పిచ్చిది ఊరంతా మన పరువు మోస్తాంది" అని కొడుకు మీద అరిచారు. నేను పిచ్చిదాన్నే అయ్యాను. అయితేనేం.

కొత్త మేస్త్రీ ఇనప పైపులు తెప్పించాడు. పలకలు సందులేకుండా పరిచి క్లాంపులతో బిగించారు. నడుము ఎత్తులో కడ్డీ, మోకాళ్ళ ఎత్తులో కడ్డీ. మనుషులకు బెల్టులు. రెండో రోజు పైకి చూస్తే అందరూ బెల్టులు కట్టుకునే ఉన్నారు, బెల్టు కొక్కెం మాత్రం వెనక తోకలా వేలాడుతోంది. దేనికీ తగిలించలేదు.

"ఆ కొక్కెం దేనికప్పా ఉండేది?" అని కింద నుంచి అరిచాను.

"తగిలిస్తే పని సాగదమ్మా, అడ్డం పడతాది!"

"తగిలించేదాకా నేను బడికి పోను!"

నిజంగానే పోలేదు ఆ గంట. తగిలించాక పోయాను. హెడ్ మాస్టరు చేత చీవాట్లు తిన్నాను.

పడిన అతను బతికాడు. వెన్నులో ఆపరేషన్ అయింది. కర్ర పట్టుకుని నడుస్తాడు, ఎక్కువసేపు కూర్చోలేడు. సోమేనహళ్ళికి రెండు మూడు సార్లు వెళ్ళాను. మొదటిసారి నా భర్త కారులోనే కూర్చుండిపోయాడు. రెండోసారి లోపలికి వచ్చి, అతని మంచం పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. క్షమించమని అడగలేదు. అడగలేకపోయాడని నాకు తెలుసు, అయినా ఆ మాట పడినవాడికి దక్కవలసిన మాట. కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాలకు నేను పోతాను. మేస్త్రీ కోర్టు బయట నన్ను చూసి నమస్కారం పెడతాడు. చిక్కబళ్ళాపురంలో ఇంకో మూడు ఇళ్ళ పనులు చేయిస్తున్నాడు.

గృహప్రవేశం రోజు చుట్టాలంతా గోడలు తడిమి చూసి, గార ఎంత నున్నగా వచ్చిందని మెచ్చుకున్నారు. ఎవరు చేశారని ఒకాయన అడిగితే మా మామగారు కొత్త మేస్త్రీ పేరు చెప్పారు. నేను వడ్డన గరిటె అక్కడే పెట్టి, ఆ వైపు గోడ ఎవరు చేశారో, చేస్తూ ఏమయ్యాడో చెప్పాను. పంక్తిలో కొందరు తినడం ఆపారు. మా అత్తగారు నన్ను లోపలికి లాక్కుపోయింది. శుభం పూట ఇదేం మాటలని ఏడ్చింది. ఆమె కన్నీళ్ళు చూసి జాలిపడ్డాను, కానీ చెప్పినందుకు బాధపడలేదు.

ఈ మధ్య అమ్మను చూడటానికి బాగేపల్లి వెళ్ళినప్పుడు బస్టాండు వెనక వీధిలో ఒక కట్టడం దగ్గర ఆ అమ్మాయి కనిపించింది. ఇటుకలు మోస్తోంది. నన్ను చూసి తల మీది చుట్టగుడ్డ తీసి దగ్గరికి వచ్చింది. అతనెలా ఉన్నాడని అడిగాను.

"ఉండాడు. నొప్పంటాడు. కోడిని పెంచుతాండాడు, దాంతో కొట్లాడతాండాడు" అని నవ్వింది.

ఇంతలో పైన ఎవరో సారవ ఎక్కుతున్న చప్పుడైంది. ఆమె నవ్వు పోయింది. వెనక్కి తిరిగి పైకి చూసింది.

"ఓయ్! కడ్డీ కట్టకుండా ఎక్కద్దని చెప్పినానా లేదా? దిగు! దిగప్పా, ముందు కట్టు!"

పైనున్న మనిషి ఏదో గొణిగాడు. ఆమె వినకుండా ఇంకా గట్టిగా తిట్టింది. ఇక్కడ రాయలేని మాటలు. అతను దిగాడు.

"మేస్త్రీలు నిన్ను పనిలోకి రానిస్తాండారా, ఇట్ల అరిస్తే?" అని అడిగాను.

"ఇద్దరు వద్దన్నారు. నోరెక్కువంట. ఈయప్ప తిడతా తిడతానే పనిస్తాండాడు. ఇయ్యకుంటే ఇంగో చోటికి పోతా, ఆడా అరుస్తా." ఇటుకల దగ్గరికి పోతూ ఆగింది. "మీకు కోపం తగ్గిందా అమ్మా?"

"లేదు."

"నాకూ తగ్గలా" అంది, చుట్టగుడ్డ తల మీద పెట్టుకుంటూ.